డిక్షనరీలో దొరకని ఐరిష్, మాంక్స్ మాటల్ని పట్టుకోవడం ఎలా

ఐరిష్ మొదలెట్టిన కొత్తలో పెద్ద టెన్షన్ ఏంటంటే, పాఠంలో కనిపించిన మాట డిక్షనరీలో ఉండదు. నిజానికి ఉంటుంది, పాఠంలో దాని మొదటి అక్షరం మారిపోయింది, అంతే.

పిల్లిని ‘కాత్’ అంటారు. ‘అ’ అనే బుల్లి మాటకి అతని, ఆమె, వాళ్ళ అని మూడు అర్థాలున్నాయి, ఏదో తెలిసేది పిల్లిని బట్టే: అతని పిల్లి ‘అ ఖాత్’, ఆమె పిల్లి ‘అ కాత్’, వాళ్ళ పిల్లి ‘అ గాత్’. బడిలో సంధులు బట్టీపట్టినవాళ్ళకి ఇది వింతేం కాదు. పూచెను, కలువలు కలిస్తే ‘పూచెను గలువలు’ అవుతుంది కదా, ముందు మాట చివరున్న ద్రుతం, అంటే నకారం, క ని గ చేసింది. కాత్ గాత్ అయిందీ అలాగే: పాతకాలంలో ముందు మాట చివర ఓ అనునాసికం, అంటే ముక్కుతో పలికే హల్లు, ఉండేది, అది రాలిపోయింది, అది చేసిన మార్పు మాత్రం నిలిచింది. ఖాత్ అయినచోట ముందు మాట అచ్చుతో ముగిసేది.

ఐరిష్ రాతలో అసలు అక్షరం చెరిగిపోదు, అదే మన అదృష్టం. మొదటి అక్షరం పక్కన హెచ్ ఉంటే అది తీసేసి వెతకండి (పాత పుస్తకాల్లో హెచ్‌కి బదులు అక్షరం మీద చుక్క ఉంటుంది). జిసి, ఎంబి, బిపి, డిటి లాంటి జంటతో మొదలైతే మొదటిది కొట్టేయండి.

ఐరిష్‌కి చుట్టమైన, ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి భాష మాంక్స్‌లో ఈ సుఖం లేదు. అక్కడ చాలావరకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ పద్ధతిలో, చెవికి వినిపించినట్టు రాసుకున్నారు కాబట్టి అసలు అక్షరం మాయం. ఆడమనిషి ‘బెన్’ కాస్తా ‘వెన్’, కుక్క ‘మోద’ కాస్తా ‘వోద’. కాబట్టి వి తో మొదలైతే బి కింద ఓసారి, ఎం కింద ఓసారి వెతకాలి. క్రెగీన్ అనే ఆయన రాసిన పాత మాంక్స్ నిఘంటువులో మారిన రూపాలూ అక్షరక్రమంలో ఉంటాయి, నేనైతే ముందు అదే తెరుస్తాను.

అసలు రూపం దొరికాకే పుట్టుక జోలికి వెళ్ళండి. కిటికీకి ఐరిష్‌లో ‘ఫున్యోగ్’, మాంక్స్‌లో ఎఫ్ లేకుండా ‘ఉన్యాగ్’. రెండూ వైకింగుల పాత నార్స్ మాట ‘విందౌగా’ నుంచే వచ్చాయి, దానర్థం గాలికన్ను. (మన గవాక్షం ఆవుకన్ను!)

మాట ఒకటే కదా అని అర్థం మాత్రం ఊహించేయకండి. ఐరిష్‌లో ‘కువన్’ అంటే పడవలు ఆగే రేవు, అదే మాట మాంక్స్‌లో ఏకంగా సముద్రం.