మస్తానయ్య, మాల్యాద్రి: పేరు పుట్టుక వెతకడం ఎలా

పేరుకి అర్థం కావాలంటే చాలామంది ఫోన్‌లో కొట్టి మొదట కనిపించింది నమ్మేస్తారు, అలా చేయకండి. ముందు చివర ఉన్న అయ్య, అమ్మ, రావు లాంటివి తీసి పక్కన పెట్టండి, మిగిలిందే అసలు మాట.

మన నెల్లూరు వైపు తరచూ వినిపించే మస్తానయ్య, మస్తానమ్మనే తీసుకోండి. మిగిలేది మస్తాన్. సంస్కృతంలోని మస్తకంతో ముడిపెట్టాలనిపిస్తుంది గానీ దానికీ దీనికీ సంబంధం లేదు, ఇది పారసీ మాట. మస్త్ అంటే మత్తులో ఉన్న అని, సూఫీల దగ్గరైతే దైవప్రేమలో ఒళ్లు మరిచిన ఫకీరు. మస్తాన్ వలీ అన్నప్పుడు పక్కనుండే వలీ అరబ్బీ, దేవుడికి ఆప్తుడని. కసుమూరులోని మస్తాన్ వలీ దర్గాలో మొక్కుకుని పుట్టిన పిల్లలకు హిందువులు కూడా ఈ పేరు పెట్టుకుంటారు, అలా పారసీ మాటకి మన అయ్య, అమ్మ వచ్చి చేరాయి. నాకు చాలా ఇష్టమైన కలయిక ఇది.

అంటే మాట ఒక్కటే సరిపోదు, దగ్గర్లోని క్షేత్రం కూడా చూడాలి. కందుకూరు వైపు మాల్యాద్రులు ఉండేది మాలకొండ వల్లే. మాల్యం దండ, అద్రి కొండ, రెండూ సంస్కృతమే. పెంచలయ్యకి పెంచలకోన.

ఇంట్లో పెద్దవాళ్లని ఏ మొక్కుకి పెట్టారో అడగండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మాత్రం ఏదీ తేల్చొద్దు, అందులో ల, ళ ఒకేలా ఉంటాయి, తెలుగులో రాసిన పాత దస్తావేజు దొరికితే అదే చూడండి.