పర్మాంగనేట్ గాఢతను టైట్రేషన్‌తో కనుక్కోవడం ఎలా?

బావిలో పొటాషియం పర్మాంగనేట్ వేయడం చూసినవాళ్లకు ఆ ఊదా రంగు గుర్తుండే ఉంటుంది. చిటికెడు వేసినా బకెట్ నీళ్లు రంగెక్కిపోతాయి. రంగు చూసి ఎక్కువో తక్కువో చెప్పొచ్చు గానీ, లీటరుకి ఎన్ని గ్రాములుందో చెప్పలేం. ఇంటర్ ల్యాబ్‌లో చేయించే టైట్రేషన్, అంటే అంశమాపనం, ఆ లెక్క తేలుస్తుంది: గాఢత తెలిసిన ద్రావణంతో చర్య జరిపించి, తెలియని గాఢతను కనుక్కోవడమన్నమాట. ఇందులో లెక్క రెండు లైన్లే. తప్పులు ఎక్కువగా కడగడంలో, చూడటంలో జరుగుతాయి.

1. ముందు గాఢత తెలిసిన ద్రావణం చేసుకోవాలి. పర్మాంగనేట్‌నే తూచి కలిపితే పోదా అంటారా? అది పూర్తి శుద్ధంగా దొరకదు, ద్రావణం కూడా వెలుతురులో నిలవుంటే కొంత విడిపోతుంది. అందుకే మోర్ లవణాన్ని, అంటే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌ను నమ్ముకుంటాం. దాని అణుభారం 392. లీటరులో అణుభారమంత గ్రాములుంటే 1 మొలార్. 0.05 మొలార్ ద్రావణం 250 మి.లీ. కావాలంటే 4.9 గ్రాములు తూచండి. కొంచెం సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ప్రమాణ కుప్పెలో గీత దాకా నింపి బాగా కలపండి. ఆమ్లం లేకపోతే నీళ్లు మసకబారతాయి. వేడి మాత్రం చేయకండి.

2. ఇక కడగడం. బ్యూరెట్‌ను (కింద కొళాయి ఉన్న, గీతలు గీసిన పొడవాటి గాజు గొట్టం) నీళ్లతో కడిగాక కాస్త పర్మాంగనేట్‌తో, పిపెట్‌ను (కొలత ప్రకారం ద్రవం పీల్చి తీసే గొట్టం) మోర్ లవణంతో తొలపాలి. శంకు కుప్పెను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. నేను ఫస్ట్ టైమ్ చేసినప్పుడు మరీ జాగ్రత్తపడి కుప్పెను కూడా మోర్ లవణంతో తొలిపాను. గోడలకు అంటుకున్న ఆ కాస్త కూడా పర్మాంగనేట్‌ను తినేసింది. రీడింగ్ ఒకసారి 20.1, ఇంకోసారి 20.6. మూడోసారి ఏమొస్తుందోనని ఒకటే టెన్షన్!

3. బ్యూరెట్ నింపాక గరాటు తీసేయండి, లేకపోతే మధ్యలో చుక్క జారుతుంది. కొళాయి కింది మొనలో గాలి బుడగ ఉంటే కాస్త ద్రావణం వదిలి పోగొట్టండి. మామూలు ద్రావణాలకు ద్రవం పైతలంలోని వంపు అడుగున చూసి రీడింగ్ తీస్తాం. పర్మాంగనేట్ మరీ చిక్కటి రంగు, అడుగు కనిపించదు. కాబట్టి పై అంచు చూడాలి, కన్ను సరిగ్గా ఆ ఎత్తులో పెట్టి.

4. పిపెట్‌తో 20 మి.లీ. మోర్ లవణం కుప్పెలో పోయండి. నోటితో పీల్చకండి, రబ్బరు బల్బు వాడండి. మొనలో మిగిలిన చివరి చుక్కను ఊదకూడదు. సుమారు 20 మి.లీ. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పనికిరాదు, పర్మాంగనేట్ దానిలోని క్లోరైడ్‌తోనూ చర్య జరుపుతుంది. నైట్రిక్ ఆమ్లమైతే తనే ఆక్సీకరణి.

5. కుప్పె కింద తెల్ల కాగితం పెట్టి, ఒక చేత్తో కొళాయి, ఇంకో చేత్తో కుప్పె తిప్పుతూ పర్మాంగనేట్ ద్రావణాన్ని వదలండి. మొదట్లో పడిన చుక్క పడినట్టే రంగు పోగొట్టుకుంటుంది. తర్వాత తర్వాత ఆ గులాబి మచ్చ పోవడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకుంటుంది. అప్పటినుంచి ఒక్కో చుక్కే. లేత గులాబి అర నిమిషం నిలిచిందా, ఆపేయండి. చర్య పూర్తయిందని రంగు మారి చెప్పే వేరే సూచిక అక్కర్లేదు. ముదురు గులాబి వచ్చిందంటే దాటిపోయినట్టే. గోధుమ రంగు కనిపిస్తే ఆమ్లం చాలలేదు, పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.

6. ఒకదానికొకటి 0.1 మి.లీ. లోపు తేడాతో రీడింగులు వచ్చేదాకా చేయండి. మనసుకు నచ్చిన అంకె రాసుకోవడం వేరే విద్య.

7. లెక్క ఇది: ఒక పర్మాంగనేట్ అయాన్ మోర్ లవణంలోని అయిదు ఫెర్రస్ అయాన్లను ఆక్సీకరిస్తుంది. రీడింగ్ 19.6 మి.లీ. అనుకుందాం. 0.05ను 20తో గుణిస్తే 1. దాన్ని 5తో, 19.6తో భాగిస్తే 0.0102 మొలార్. పర్మాంగనేట్ అణుభారం 158తో గుణిస్తే లీటరుకి సుమారు 1.61 గ్రాములు.

పని అయిన వెంటనే బ్యూరెట్ కడిగేయండి. ఆరిపోతే గాజుకి గోధుమ మరక పట్టేస్తుంది. అప్పటికే పట్టేసిందా, కాస్త ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణం పోసి ఉంచితే వదులుతుంది.