పిల్లల కోసం చూస్తున్న మగవాళ్లకు – పాఠం 3: సీసం పని చేసేటోళ్లు మూడు నెలలు ఏం తినాలె

పోయిన పాఠంల సెమెన్ రిపోర్టు, అంటే వీర్యం టెస్ట్ కాయితం, చదువుడు చూసినం. మిల్లీలీటరుకు 1.6 కోట్ల శుక్రకణాలు, అందుల కదిలేటియి 42 శాతం, ఆకారం మంచిగున్నవి 4 శాతం, ఇవి డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2021ల ఇచ్చిన కింది హద్దులు, వీటికన్న తక్కువొస్తే ఇగ పిల్లలు కారని కాదు, కారణం వెతకాలె అని. ఆ కారణం సీసమో, కాడ్మియం అనే ఇంకో విష లోహమో అయ్యే ఛాన్స్ ఉన్నోళ్ల కోసం ఈ పాఠం, అంటే బ్యాటరీలు విప్పేటోళ్లు, టంకం పెట్టేటోళ్లు, రేడియేటర్ రిపేర్, పాత పెయింట్ గీకుడు, స్క్రాప్ కరిగించుడు చేసేటోళ్లు, బీడీ సిగరెట్ తాగేటోళ్లు సుత, ఎందుకంటే పొగాకుల కాడ్మియం ఉంటది. నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల దిక్కు ఇసొంటి పనులు చేసే తమ్ముళ్లు ఉన్నరు, పెండ్లయి ఏండ్లు గడిచినా పిల్లలు కాకపోతే మన దగ్గర ఇంకా ముందుగాల ఆడపిల్లనే హాస్పిటళ్ల చుట్టూ తిప్పుతరు, ఆమెకు స్కానింగుల మీద స్కానింగులు, ఈయనకు ఒక్క టెస్ట్ చేయించరు. నాకు చానా బాధయితది, అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

మొదలు చేతులు

తిండి తర్వాత, ముందు లోపలికి పోయేది ఆపాలె. పైన పెంకు పగిలి ఇల్లు కురుస్తుంటే కింద ఎంత తుడిస్తే ఏం లాభం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పేముందు సబ్బుతోటి చేతులు కడిగి ఆ నీళ్లు తెల్ల గిన్నెల పట్టి చూడుండ్రి, బూడిద రంగుల కనపడ్తయి, ఇంకోసారి కడిగితే కొంచెం తేటవడ్తయి, గోళ్ల సందుల నల్ల గీత మాత్రం అట్లనే ఉంటది. రొట్టె తుంచినప్పుడల్లా ఆ గీతల ఉన్నదే నోట్లెకు పోతది. గోళ్లు కత్తిరించి చిన్న బ్రష్‌తోటి రుద్దుండ్రి, పని చేసే కాడ కూసోని తినొద్దు, బీడీ ముట్టియ్యొద్దు. పని బట్టలు అక్కడనే విప్పి సంచిల పెట్టుకొచ్చి వేరేగ ఉతకాలె.

ఖాళీ కడుపుతోటి పనికి పోవద్దు, అప్పుడు సీసం ఒంటికి ఎక్కువ పడ్తది. ఐరన్, కాల్షియం తక్కువున్నోళ్లకు సుత అంతే, అందుకే పెరుగు, రాగులు, ఆకుకూరలు రోజూ ఉండాలె.

మూడు నెలలే ఎందుకు

ఒక శుక్రకణం తయారయ్యేటందుకు దగ్గర దగ్గర 74 రోజులు, ఆ తర్వాత బయటికి వచ్చే దారిల ముదిరేటందుకు ఇంకో రెండు వారాల దాక పడ్తది. అంటే ఇయ్యాల మీరు మార్చిన అలవాటు రిపోర్టుల కనపడాలంటే మూడు నెలలు ఆగాలె, పది రోజులకే మళ్లా టెస్ట్ చేయించి నిరాశ పడకుండ్రి. ఈ కణం పైపొరల తొందరగ పాడయ్యే కొవ్వులు ఎక్కువ, కాపాడుకునే సరుకు లోపల తక్కువ. సీసం, కాడ్మియం ఏం చేస్తయంటే మన ఒంట్ల ఉన్న గ్లుటాతియోన్ అనే రక్షణను పట్టేసుకుంటయి, కణాలను పాడు చేసే ఫ్రీ రాడికల్స్ పెరిగి ఆ పొర పాడయితది, కదలిక తగ్గుతది, లోపలి డీఎన్ఏ సుత దెబ్బతినొచ్చు. కాడ్మియమైతే జింక్ జాగల కూసుంటది.

ఇగ పళ్లెం

విటమిన్ సి మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లెక్క. ఒక జామపండుతోటే అది దాటుతది, ఉసిరికాయ సుత మంచిది, నల్గొండ బత్తాయిలు సీజన్ల చక్కెర కలిపిన జ్యూస్ కాకుండ ఒలిచి తినుండ్రి. వేడికి విటమిన్ సి పోతది కాబట్టి మునగాకు పప్పు పొయ్యి మీదికెళ్లి దించినంక నిమ్మకాయ పిండుండ్రి. టమాటది మాత్రం ఉల్టా, నూనెల మగ్గిస్తేనే అందుల లైకోపీన్ అనే ఎర్ర రంగు సరుకు ఒంటికి మంచిగ పడ్తది, టమాట పచ్చడి నిశ్చింతగ తినొచ్చు. పాలమూరు పల్లీలల్ల విటమిన్ ఇ ఉంటది, జొన్న రొట్టెకు పల్లి చట్నీ, దాంతోటి ఒక ఉడకబెట్టిన గుడ్డు, సెలీనియం కోసం. నువ్వులు, గుమ్మడి గింజలు, శనగలు, మటన్ జింక్ కోసం. రోజూ అన్నీ అక్కర్లేదు, వారంల తిప్పి తిప్పి తింటే చాలు.

గోలీల సంగతి సూటిగ చెప్తా. ఎలుకలకు సీసం పెట్టి విటమిన్ సి, ఇ ఇస్తే మంచి ఫలితాలొచ్చిన ప్రయోగాలు మస్తున్నయి, మనుషుల కాడికొస్తే అంత గట్టిగ లేదు. 2020ల అమెరికాల అచ్చయిన పెద్ద ప్రయోగంల 2,370 మంది మగవాళ్లకు ఆరు నెలలు జింక్, ఫోలిక్ యాసిడ్ గోలీలో, మందు లేని ఉత్త గోలీలో ఇచ్చి చూసిండ్రు, పిల్లలు పుట్టుడుల తేడా రాలే, మందు తిన్నోళ్లకు కడుపు బాధలు ఎక్కువొచ్చినయి. అందుకే నేను డబ్బాల కన్న పళ్లెమే నమ్ముత. సెలీనియమైతే ఎక్కువైనా విషమే.

ఇంకోటి, సంతానానికని పొట్లాలల్ల పేరు లేని పొడి ఇస్తే తీసుకోకుండ్రి. నాగభస్మం సీసంతోటే చేస్తరు, ఇసొంటి మందులతోటి సీసం ఎక్కినోళ్ల కేసులు డాక్టర్లు రాసి పెట్టిండ్రు. సీసం తగ్గించుకుందామని తిరుగుతూ సీసమే కొనుక్కుంటే ఎట్ల?

ఈ పాఠం పని

రక్తంల సీసం టెస్ట్ ఒకటి చేయించుండ్రి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేక ఎక్కువుంటే ఎక్కడికెళ్లి వస్తుందో వెతికి ఆపాలని డబ్ల్యూహెచ్ఓ చెప్తది. బాగ ఎక్కువొస్తే డాక్టర్ దగ్గరికే పోవాలె, ఒంట్లకెళ్లి సీసం లాగే మందులు వేరే ఉంటయి, జామపండు ఆ పని చేయదు. రక్తంల సీసం సగమయ్యేటందుకు నెల పడ్తది గాని ఎముకలల్లది ఏండ్లకేండ్లు ఉంటది. ఒక నోట్‌బుక్కుల మొదలుపెట్టిన తారీఖు రాసి, ఆ కిందనే రోజూ తిన్న పండు, ఆకుకూర, బీడీలు ఎన్నో రాయుండ్రి, మూడు నెలలకు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం బయటికి పోకుండ ఉండి మళ్లా సెమెన్ టెస్ట్ ఇయ్యుండ్రి. పాఠం 4ల ఆ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చదువుదాం, భార్యాభర్తలిద్దరు కలిసి కూసోండ్రి.