సిగ్నల్ నిండుగా ఉంది, వైఫై మాత్రం కదలదు

లక్షణం: ఫోన్‌లో గీతలన్నీ ఉంటాయి. మధ్యాహ్నం బాగానే నడుస్తుంది. సాయంత్రం ఏడు దాటితే వీడియో గిర్రున తిరుగుతూ ఉంటుంది.

ముందు ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ చూడండి. అక్కడా తక్కువే వస్తే తప్పు లైన్‌ది, వైఫైని ముట్టుకోకండి. రెండు నిమిషాల ఈ పని మానేసి కొత్త రౌటర్ కొనేస్తారు!

కేబుల్‌లో సరిగ్గా ఉంటే ఛానెల్, అంటే రౌటర్ గాలిలో మాట్లాడే దారి, చూడాలి. విశాఖ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 1, 6, 11 ఛానెళ్లలో ఒకటి ఎంచుకోండి. ఖాళీగా ఉందని 3 పెట్టొద్దు. ఒకే ఛానెల్‌లో ఉన్నవి ఒకదాని మాట ఒకటి విని ఆగుతాయి. 3లో ఉన్నది 1కీ, 6కీ కూడా గోలే. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

ఇదంతా చేసినా నత్తనడకేనా? అయితే సెల్లార్ గేటు దగ్గరి కెమెరాని అనుమానించండి. డేటా వాడకం లిస్టులో అది అట్టడుగున ఉంటుంది కాబట్టి ఎవరూ దాని జోలికి పోరు. ఆ లిస్టు లెక్కపెట్టేది బైట్లని, గాలిలో తీసుకున్న సమయాన్ని కాదు. ఛానెల్‌లో ఒకసారి ఒకటే మాట్లాడాలి. 1500 బైట్ల ప్యాకెట్ (డేటా ముక్క) సెకనుకి 54 మెగాబిట్ల వేగంతో పావు మిల్లీసెకనులో పోతుంది. రెండు శ్లాబుల కింద సిగ్నల్ అందక వేగం 1 మెగాబిట్‌కి దిగిన కెమెరాకి అదే ప్యాకెట్ 12 మిల్లీసెకన్లు పడుతుంది. రౌటర్ పక్కనే కూర్చున్న మీ ఫోన్ కూడా అంతసేపూ ఆగాల్సిందే. సాయంత్రం బళ్లన్నీ తిరిగొచ్చే వేళ కదలిక పట్టి అది వీడియో పంపుతూనే ఉంటుంది, పోయిన ప్యాకెట్లు మళ్లీ పంపుతుంది.

తేల్చుకోవడం తేలిక. ఫోన్ నుంచి రౌటర్‌కి పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష) పెట్టి కెమెరా ప్లగ్ తీయండి. వందల్లో ఉన్న మిల్లీసెకన్లు ఒంటి అంకెకి దిగితే దొంగ దొరికినట్టే. దిగకపోతే దూరంగా ఉన్న మిగతా పరికరాలు ఒక్కొక్కటీ తీసి చూడండి. అది పై ఫ్లాట్‌వాళ్ల కెమెరా అయితే మీరు ఛానెల్ మారాలి.

పరిష్కారం: కెమెరాకి లాన్ కేబుల్ లాగండి, 100 మీటర్ల లోపు. బీచ్ వైపు ఇళ్లల్లో కనెక్టర్‌ని మూతున్న డబ్బాలో పెట్టండి, ఉప్పుగాలికి చిలుము పడుతుంది. కెమెరాకి లాన్ పోర్టు లేకపోతే కింద వేరే ఛానెల్‌లో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే ఇంకో డబ్బా) పెట్టి, దానికి రౌటర్ నుంచి కేబుల్ ఇవ్వండి. కేబుల్ లేకుండా సిగ్నల్‌ని ముందుకు పంపే రిపీటర్ వద్దు, అదే ఛానెల్‌లో ప్రతి ప్యాకెట్‌నీ రెండోసారి పంపుతుంది. ఆ తర్వాతే రౌటర్‌లో 802.11బి అనే పాత, నెమ్మది వైఫై పద్ధతిని ఆపండి. ముందే ఆపితే కెమెరా కనెక్షన్ మొత్తానికే పోవచ్చు.

మైక్రోవేవ్ ఓవెన్ గోల అది తిరిగినంతసేపే. బ్లూటూత్ గురించి అసలు ఆలోచించకండి.