చచ్చిన పగడంలో కాపురాలు: నరారా దిబ్బ మీద వాటిని ఎలా చూడాలి

గుజరాత్‌లో, జామ్‌నగర్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో నరారా ఉంది. అక్కడ పగడపు దిబ్బను చూడ్డానికి ఈత రానక్కర్లేదు. ఆటు వేళ సముద్రం వెనక్కి తీస్తే దిబ్బ మీదికి నడిచే వెళ్లొచ్చు. 1982లో ప్రకటించిన మెరైన్ నేషనల్ పార్కులో ఇదొక భాగం. చాలామంది రంగురంగుల పగడాల కోసం వెతుకుతూ, చిల్లులు పడ్డ బూడిదరంగు రాళ్లను తొక్కుకుంటూ పోతారు. అసలు సందడంతా ఆ చిల్లుల్లోనే ఉంటుంది.

ముందు రోజు ఎంచుకోండి. పౌర్ణమి, అమావాస్యల తర్వాత ఒకటి రెండు రోజులు నీరు బాగా తీస్తుంది. ఆటుపోట్ల పట్టికలో నీరు అతి తక్కువగా ఉండే సమయం చూసి, దానికి గంటన్నర ముందే దిగండి. ఆ సమయం కాగానే వెనుదిరగండి. కచ్ సింధుశాఖలో పోటు చాలా ఎత్తుకు లేస్తుంది. పల్లపు కాలువలు ముందే నిండి, ఒడ్డుకు దారి తెగుతుంది. నీరు తీసే సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. అటవీశాఖ అనుమతి, స్థానిక గైడు తప్పనిసరి. కాళ్లకు మందపాటి అడుగున్న, వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. చెప్పులు బురదలో ఊడిపోతాయి.

ఇక ఆ చిల్లులెవరు చేశారో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. పగడం ఒక ప్రాణి. అది చచ్చాక మిగిలే సున్నపురాయే ఆ బూడిదరంగు రాళ్లు. రాయి మీద పసుపు, నారింజ రంగు చుక్కలు కనబడితే లోపల తొలిచే స్పంజి అనే సముద్ర జీవి ఉన్నట్టు. అది రాతిని కరిగిస్తూ సన్నటి పెళ్లలుగా ఊడదీస్తుంది. 8 అంకెలాంటి రంధ్రం కనబడితే లోపల తొలిచే గుల్ల ఉంది, లేదా ఒకప్పుడు ఉండేది. గుల్ల చచ్చాక ఆ ఖాళీ గదిలోకి చిన్న పీతో, పురుగో, వేలెడంత చేపో చేరుతుంది. ఒకరు తొలిచింది ఇంకొకరికి ఇల్లవుతుంది.

అన్ని రాళ్లూ ఒకటి కావు. అల తగిలితే దొర్లే పిడికెడు ముక్కల్లో పెద్దగా ఏమీ నిలవదు. ముక్కల్ని ఒకదానికొకటి సున్నంలా అతికించే గులాబీరంగు నాచు పెరిగినచోట ఆగండి. అక్కడ సందులు కదలవు, నీడ ఉంటుంది, కాస్త నీరూ నిలుస్తుంది.

మీ నీడ మడుగు మీద పడకుండా సూర్యుడికి ఎదురుగా కూర్చుని, ఐదు నిమిషాలు కదలకండి. నీటిపై అలలు అడ్డొస్తే అడుగు పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాను నీటి మీద ఆనించి అందులోంచి చూడండి. ముందు సందులోంచి సన్నటి ముళ్ల చేతులు మెల్లగా బయటికొస్తాయి. అది నక్షత్ర చేపకు చుట్టమైన బ్రిటిల్ స్టార్, ఒళ్లు లోపలే ఉంచి చేతులతో తిండి తడుముకుంటుంది. టప్ టప్ మని చిటికెలు వినిపిస్తే అవి పిస్టల్ రొయ్యవి. ఒక కన్నం ముందు ఖాళీ పీత డొప్పలు, గుల్ల ముక్కలు కుప్పగా పడి ఉంటే లోపల ఆక్టోపస్ ఉండే అవకాశం ఎక్కువ. డొప్పల్ని కదిలించకుండా కాస్త దూరంగా కూర్చోండి.

కన్నాల్లో వేలు పెట్టకండి. శంఖువులా కొనదేలిన గవ్వలు తీయకండి, కోన్ గవ్వ విషం ప్రాణాంతకం కావచ్చు.

ఎక్కువమంది చేసే తప్పు రాయి తిరగేసి అలాగే వదిలేయడం. అడుగువైపు స్పంజిలు, మెత్తటి జీవులు నీడలో బతుకుతాయి. ఎండ తగిలితే గంటల్లోనే ఎండిపోతాయి, పైనున్న నాచు కిందపడి వెలుగులేక కుళ్లుతుంది. గైడు రాయి ఎత్తితే అర నిమిషం చూసి, అదే గుంటలో, అదే వైపు పైకి వచ్చేలా పెట్టించండి. రెండో తప్పు చూరులా ముందుకు వంగిన అంచు మీద అడుగేయడం. కింద తొలుచుకుపోయి ఉంటుంది కాబట్టి అది విరుగుతుంది, కింది కన్నాలు పూడిపోతాయి. ఇసుక మేటవేసిన జాడల వెంటే నడవండి.

చచ్చిన ముక్కే కదా అని సంచిలో వేసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దిబ్బలు కట్టే పగడాలన్నిటికీ రక్షణ ఇచ్చింది. పైగా ఆ ముక్క ఖాళీగా ఉండదు. ఇంటికి చేరిన రెండో రోజుకే లోపలి పురుగులూ పీతలూ చచ్చి కంపు కొడతాయి.