మసీదుకు మైకును ఎలా ఎంచుకోవాలి?

మైకు కోసం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లేవారు సాధారణంగా ధరతోనో కంపెనీ పేరుతోనో మాట మొదలుపెడతారు. నిజానికి దుకాణం మెట్లు ఎక్కకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: మైకు ముందు మాట్లాడేవారు ఏ భంగిమలో, ఎంత దూరంలో ఉంటారు? అజాన్ ఇచ్చే మౌజన్, మింబర్ (ప్రసంగ వేదిక) మీద ఖుత్బా (ప్రసంగం) చదివే ఇమాం దాదాపు ఒకే చోట ఉంటారు. నమాజ్ చేయించే ఇమాం మాత్రం నిలబడతారు, వంగుతారు, నుదురు నేలకు ఆనిస్తారు, సలాం చెబుతూ ముఖాన్ని కుడికీ ఎడమకూ తిప్పుతారు. అన్నిటికీ ఒకే మైకుతో సరిపెట్టుకోవడం మంచి పొదుపు కాదు.

1. అజాన్‌కు స్టాండుపై బిగించిన కార్డియాయిడ్ డైనమిక్ మైకు చాలు. ఇది ఎదుటి గొంతును బాగా అందుకుని వెనుక చప్పుళ్లను తగ్గిస్తుంది, దెబ్బలకు ఓర్చుకుంటుంది, ఫాంటమ్ పవర్ (మైకు తీగ గుండానే యాంప్లిఫయర్ పంపే కరెంటు) అడగదు.

2. మింబర్‌కు గూస్‌నెక్ (ఎటైనా వంచగల సన్నని మెడ ఉన్న) కండెన్సర్ మైకు అనువైనది. అయితే ఈ రకం మైకులకు చాలావరకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి కాబట్టి, మీ యాంప్లిఫయర్‌లో ఆ సదుపాయం ఉందో లేదో ముందే చూసుకోండి.

3. అసలు చిక్కు నమాజ్ దగ్గరే వస్తుంది. ఆరుబయట లెక్క ప్రకారం నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. అందుకే మెహ్రాబ్‌లో (ఇమాం నిలబడే గోడ గూడులో) నిలువెత్తు స్టాండుపై పెట్టిన మైకు, సజ్దాలో (నుదురు నేలకు ఆనించినప్పుడు) పలికే తక్బీర్‌ను, అంటే ‘అల్లాహు అక్బర్’ను, సరిగా అందుకోలేదు. జొహర్, అసర్ నమాజుల్లో ఖురాన్ పఠనం బిగ్గరగా సాగదు కనుక, పై అంతస్తులో ఉన్నవారికి ఆ తక్బీర్ ఒక్కటే ఆధారం. కాలర్‌కు తగిలించే వైర్‌లెస్ మైకు ఈ లోటు తీరుస్తుంది. దానిని గడ్డానికి జానెడు కింద, వెంట్రుకలూ బట్టా రాసుకోని చోట పెట్టాలి. ఈ రకం మైకులు ఎక్కువగా అన్ని వైపుల శబ్దాన్నీ తీసుకుంటాయి కాబట్టి, స్పీకర్లు దగ్గరగా ఉంటే కూత పెడతాయి. చెవికి తగిలించుకునే మైకు నోటికి మరింత దగ్గరగా ఉంటుంది గనుక ఆ బెడద తక్కువ, కానీ నమాజ్‌లో అది కొందరికి ఇబ్బందిగా అనిపించవచ్చు. ఈ విషయంలో కమిటీ కంటే ఇమాంగారి మాటే చెల్లాలి.

4. వైర్‌లెస్ సెట్లలో 2.4 గిగాహెర్ట్జ్ రకం వైఫైతో ఒకే పౌనఃపున్యాన్ని పంచుకుంటుంది. ఇంటింటికీ రౌటర్ ఉన్న మన ఇరుకు బస్తీలలో వైఫైకి వేరైన పౌనఃపున్యాల్లో నడిచే యూహెచ్‌ఎఫ్ రకమే మేలు. తీగ మైకైతే ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) కేబుల్‌నే వాడి, దానిని కరెంటు తీగలకు దూరంగా నడిపించండి.

5. గుమ్మటం, పాలరాతి నేల, రాతి గోడలు ఉన్న హాలులో శబ్దం ప్రతిధ్వనిస్తుంది. ఎంత ఖరీదైన మైకైనా ఆ ప్రతిధ్వనిని తీసివేయలేదు. నోటికి దగ్గరగా పెట్టడమే ఉపాయం. యాంప్లిఫయర్‌పై ఉండే ఎకో బటన్‌ను ఖుత్బా సమయంలో సున్నా మీద ఉంచండి. దానిని ఎందుకంత ఇష్టంగా తిప్పుతారో గానీ, మాటలు అర్థం కాకుండా పోవడానికి సగం కారణం అదే.

6. బయటి హారన్లనూ లోపలి స్పీకర్లనూ విడివిడిగా ఆపగలిగే యాంప్లిఫయర్ అయితే మంచిది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి, నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి పరిమితి 45.

7. డబ్బు చెల్లించే ముందు మైకును మసీదుకు తెచ్చి, ఫ్యాన్లన్నీ తిరుగుతుండగా ఇమాంగారితో రెండు రకాతుల (నమాజ్‌లోని ఆవృత్తుల) కదలికలు చేయించి, చివరి వరుసలోనూ పై అంతస్తులోనూ ఒక్కొక్కరిని నిలబెట్టి వినిపించండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి.