బయోడీజిల్ పాఠాలు – 4: ముందు సీసాలో, తరువాతే ట్యాంకులో

కిందటి మూడు పాఠాల్లో నూనె బయోడీజిల్‌గా ఎలా మారుతుందో చూశాం. నూనెలో మిథనాల్, కొంచెం క్షారం కలిపి వేడిచేస్తే గ్లిజరిన్ విడిపోయి అడుగుకి దిగుతుంది. పైన తేలేది బయోడీజిల్. ఈ పాఠంలో తయారీ లేదు. కొనుక్కొచ్చిన బయోడీజిల్‌ని మీ బండిలో మొదటిసారి ఎలా పోయాలన్నదే ఇవాళ్టి పని. ఇప్పటిదాకా చెప్పినవాటన్నిటికన్నా ఇదే ముఖ్యమని నా నమ్మకం. నా చెవిన పడ్డ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మొదటి నెలలో వచ్చినవే.

అసలు విషయంలోకి వెళ్ళేముందు పలాస వాళ్ళకి ఒక మాట. జీడి తొక్కల నుంచి తీసే నూనెతో బయోడీజిల్ అవదా అని అక్కడ ఇద్దరు ముగ్గురు అడిగారు. మనం చెప్పుకున్న పద్ధతిలో అవదు. వేరుశెనగ, పామాయిల్, కానుగ, ఇప్ప నూనెలు కొవ్వు జాతివి. జీడి తొక్క నూనె పేరుకి నూనే అయినా అది ఫినాల్ జాతి. మిథనాల్ కలిపి ఎంత కాచినా గ్లిజరిన్ రాదు, ఎందుకంటే అందులో గ్లిజరిన్ అసలు లేదు. రంగులకీ, బ్రేక్ లైనింగులకీ అది బంగారం లాంటి సరుకు. ట్యాంకుకి మాత్రం పనికిరాదు.

ఇక పాఠం. నా సంగతితోనే మొదలుపెడతాను. శ్రీకాకుళంలో నాలుగు పికప్ వ్యాన్ల బాగోగులు చూసే రోజుల్లో, తొమ్మిదేళ్ళ పాత బండి ఒకదానిలో నేరుగా 20 శాతం బయోడీజిల్ పోయించాను. మొదటి రోజు బ్రహ్మాండంగా నడిచింది. పొగ తగ్గిందని డ్రైవర్ మెచ్చుకున్నాడు కూడా. రెండో రోజు కవిటిలో కొబ్బరికాయల లోడు ఎత్తుకుని విశాఖపట్నం బయల్దేరింది. నరసన్నపేట దాటి మడపాం టోల్‌గేటు దగ్గరికి వచ్చేసరికి ఫోన్: "ఏటో బాబూ, బండి లాగనంటంది. ఎంత తొక్కినా ఉలకదు."

బండిలో స్పేర్ ఫిల్టర్ లేదు. నేనే ఒకటి పట్టుకుని వెళ్ళాను. పాతది విప్పి, హాక్సా బ్లేడుతో డబ్బా కోసి చూస్తే లోపలి కాగితం మడతలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. గోరుతో గీకితే నల్లటి జిగురు వచ్చింది. వేళ్ళ మధ్య రుద్దితే కాటుకలా పాకింది. అది బయోడీజిల్ కాదు. తొమ్మిదేళ్ళుగా ట్యాంకు అడుగునా, పైపుల గోడలకీ పట్టిన డీజిల్ మడ్డి. బయోడీజిల్‌కి మడ్డిని కరిగించే గుణం ఉంది. ఉన్న మురికినంతా ఊడ్చుకొచ్చి ఫిల్టర్‌లో పోసింది. ఇంజనుకి ఏమీ కాలేదు. ఫిల్టర్ మార్చి, గాలి తీసి స్టార్ట్ చేస్తే వెంటనే అందుకుంది. కానీ లోడు ఆ పూట మార్కెట్‌కి అందలేదు. ఆ నష్టానికి బయోడీజిల్‌ని తిట్టిన ఓనరుకి, తప్పు నాదేనని చెప్పుకోవాల్సి వచ్చింది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న వరస ఇది. ముందు ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి, ఒక లీటరు గాజు సీసాలోకి దింపండి. గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున నీటి గీత, తుప్పు నలుసులు, నల్లటి తెర కనిపిస్తే ట్యాంకు దింపి కడిగించాల్సిందే. నీళ్ళున్న ట్యాంకులో బయోడీజిల్ పోయడం అస్సలు వద్దు. మామూలు డీజిల్ కంటే ఇది నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది. నీరూ ఇంధనం కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి పాచి కడుతుంది. భావనపాడు, కళింగపట్నం వైపు సముద్రపు గాలిలో నిలబడే బండ్లకి ఈ పరీక్ష ఇంకా అవసరం. సగం ఖాళీ ట్యాంకులో రాత్రిపూట చెమ్మ నీరుగా దిగుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి పెడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

తరువాత కొన్న సరుకుని చూడాలి. అమ్మేవాణ్ణి మొట్టమొదట అడగాల్సింది ఐఎస్ 15607 ప్రకారం చేయించిన పరీక్ష రిపోర్టు. మన దేశంలో నూరు శాతం బయోడీజిల్‌కి ఉన్న ప్రమాణం అదే. రిపోర్టు లేదంటే ధర ఎంత తక్కువైనా వెనక్కి తిరగండి. బయోడీజిల్ అని చెప్పి వేరే నూనెలు అంటగట్టేవాళ్ళు ఉన్నారు. రిపోర్టు చేతికొచ్చినా సీసా పరీక్ష మానొద్దు.

మూత గట్టిగా పట్టే గాజు సీసా ఒకటి తీసుకోండి. సగం మంచినీళ్ళు, సగం బయోడీజిల్ పోయండి. పది సెకన్లు బాగా కుదిపి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టండి. మొదట అంతా చిలికిన మజ్జిగలా ఉంటుంది, కంగారు పడొద్దు. మంచి సరుకైతే అరగంటలోపు రెండుగా విడిపోతుంది. కింద నీళ్ళు, పైన పసుప్పచ్చ పొర, మధ్యలో గీత. నీళ్ళతో కలిసింది కాబట్టి పై పొర కొంచెం మసగ్గా ఉన్నా పరవాలేదు. గంట గడిచినా మధ్యలో వెన్న లాంటి తెల్లటి మందపు పొర నిలిచిపోతే, అందులో సబ్బు మిగిలినట్టు, లేదా నూనె పూర్తిగా మారనట్టు. ఆ సరుకు తిరిగి పంపేయండి. ఇంజనులోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల మొనల దగ్గర గట్టిపడేది సరిగ్గా అదే. పరీక్షకి వాడిన సీసాలోది ట్యాంకులో కలపకండి.

చలి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాడేసిన వంటనూనె నుంచి తీసిన బయోడీజిల్‌లో పామాయిల్ వాటా ఎక్కువగా ఉండొచ్చు. పామాయిల్‌తో చేసింది కలపకుండా ఉంటే సుమారు 15 డిగ్రీల దగ్గరే మబ్బు పట్టడం మొదలుపెడుతుంది. శ్రీకాకుళం టౌనులో పెద్దగా ఇబ్బంది ఉండదు గానీ, సీతంపేట వైపు కొండ ఊళ్ళకి తెల్లవారుజామున వెళ్ళే బండ్లు పుష్యమాసంలో జాగ్రత్తపడాలి. మీరు పోయబోయే మిశ్రమాన్ని సీసాలో పోసి, బాగా చలిగా ఉన్న రాత్రి డాబా మీద ఉంచి, సూర్యుడు రాకముందే చూడండి. తేటగా ఉంటే పోసుకోవచ్చు. మబ్బు పడితే ఆ చలి రోజుల్లో బయోడీజిల్ శాతం తగ్గించండి.

ఇక పైపులు. నూరు శాతం బయోడీజిల్ మామూలు రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. 20 శాతం లోపు అయితే ఆ ప్రభావం చాలా తక్కువ. అయినా పాత బండ్లలో హోస్‌ని రెండు వేళ్ళతో నొక్కి చూడండి. జిగటగా తగిలినా, క్లిప్పు దగ్గర పగుళ్ళు కనిపించినా మార్చేయండి. వైటన్ రకం (బయోడీజిల్‌కి తట్టుకునే రబ్బరు) హోస్ దొరికితే అదే వేయించండి.

కొత్త బండి ఓనర్లకి గట్టిగా చెబుతున్నాను. మీది 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండి అయి, సైలెన్సర్‌లో మసిని పట్టే ఫిల్టర్ ఉంటే, కంపెనీ పుస్తకంలో రాసిన శాతం దాటకండి. బీఎస్ 6 డీజిల్ ప్రమాణం 7 శాతం దాకా బయోడీజిల్‌ని అనుమతిస్తుంది. చాలా బండ్లలో ఆ మసిని కాల్చడానికి సిలిండర్‌లోకి అదనంగా కొంచెం ఇంధనం చిమ్ముతారు. బయోడీజిల్ సులువుగా ఆవిరి కాదు. అది గోడల వెంట జారి ఇంజనాయిల్‌లో కలిసి, ఆయిల్‌ని పల్చబరుస్తుంది. 20 శాతం మాట పాత బండ్లకి, అది కూడా మెకానిక్ చూశాకే.

అంతా సిద్ధమయ్యాక 5 శాతంతో మొదలుపెట్టండి. పాత బండి అయితే రెండు ట్యాంకులు అయ్యాక 10, తరువాత 20. పాత మడ్డి ఒక్కసారిగా ఊడిపడకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. లెక్క కష్టమేమీ కాదు. మీ ట్యాంకు 60 లీటర్లు, అందులో 5 శాతం మిశ్రమం 15 లీటర్లు మిగిలింది, ఇప్పుడు నిండుగా 10 శాతం కావాలి అనుకుందాం. 60 లీటర్లలో 10 శాతం అంటే 6 లీటర్ల బయోడీజిల్. మిగిలిన 15 లీటర్లలో ఇప్పటికే ముప్పావు లీటరు ఉంది. కాబట్టి పోయాల్సింది 5.25 లీటర్ల బయోడీజిల్, 39.75 లీటర్ల డీజిల్. బయోడీజిల్ బరువైనది, కిందికి దిగుతుంది. అందుకని కొంత డీజిల్ పోశాక బయోడీజిల్, ఆపైన మిగతా డీజిల్ పోయండి. పది కిలోమీటర్లు తిరిగేసరికి కలిసిపోతుంది. బండి పెయింట్ మీద చుక్క పడితే అక్కడికక్కడే తుడవండి, లేకపోతే రంగు లేస్తుంది. తుడిచిన గుడ్డలు షెడ్డు మూల కుప్పగా వేయొద్దు. నూనె గుడ్డలు కుప్పలో తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. విడివిడిగా ఆరేయండి.

మైలేజీ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 20 శాతం మిశ్రమంలో శక్తి ఒకటి రెండు శాతం తక్కువ. లీటరుకి 12 కిలోమీటర్లు ఇచ్చే బండి పావు కిలోమీటరు కూడా తగ్గదు. అంతకు మించి పడిందంటే ఫిల్టర్ వైపు చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో అప్పటి పెద్ద ఇంజన్ల ఫలితాలన్నీ కలిపి చూస్తే, 20 శాతం మిశ్రమంతో పొగలోని మసి సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 2 శాతం పెరిగాయి. మంచి ఉంది, కొంచెం చెడూ ఉంది. రెండూ తెలిసే వాడాలి.

జనరేటర్ ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక పడ్డ అవస్థ మనకి గుర్తుంది. ఆ భయంతో డ్రమ్ముల్లో ఇంధనం దాచుకుంటే అది మామూలు డీజిలే అయి ఉండాలి. బయోడీజిల్ గాలి తగిలి పాడవుతుంది. ఆరు నెలలు దాటించొద్దు, రాగి, ఇత్తడి పాత్రల్లో అసలే వద్దు.

వచ్చే పాఠానికి హోటళ్ళలో వాడేసిన నూనె తీసుకుంటాం. ఎన్నిసార్లు కాగితే అది వంటకి పనికిరాదో, కాగినకొద్దీ నూనెలో పేరుకునే చెడు పదార్థాలకి (పోలార్ కాంపౌండ్లు) 25 శాతం హద్దు ఎందుకు పెట్టారో చూద్దాం. ఈలోగా మీరు రెండు పనులు చేసి ఉంచండి. ట్యాంకు అడుగు నుంచి తీసిన సీసా మీద తేదీ రాసి కిటికీలో పెట్టండి. ఈసారి సర్వీసులో మార్చిన పాత ఫిల్టర్‌ని మెకానిక్ దగ్గర వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. దాన్ని కలిసి కోద్దాం.